సిమ్యులేటర్‌లో నేర్చిన బ్రేకు కాలువ గట్టు మీద పనికొస్తుందా?

పాఠకుల ప్రశ్నలు – వాహన భద్రత

ప్రశ్న: మా అబ్బాయికి ఇటీవలే పద్దెనిమిది నిండాయండి. ఎల్‌ఎల్‌ఆర్ కూడా తీసుకున్నాడు. డ్రైవింగ్ సిమ్యులేటర్ అంటూ, కంప్యూటరుకు తగిలించుకునే స్టీరింగు, పెడళ్ల సెట్టు కొనుక్కుని సాయంత్రమైతే దాని ముందే కూర్చుంటున్నాడు. ఆట కాదు, సడన్ బ్రేకు వేయడం, జారిన కారును అదుపులోకి తెచ్చుకోవడం సాధన చేస్తున్నానని, వీటివల్ల రోడ్డు మీద తనకు ప్రమాదం తక్కువని అంటున్నాడు. నమ్మమంటారా?
– ఒక తండ్రి, పాలకొల్లు

జవాబు: మీ అబ్బాయి చేస్తున్న సాధన మంచిదేనండి. దాని నుంచి అతను తెచ్చుకుంటున్న ధైర్యంతోనే చిక్కు. జారిన కారును దారికి తేవడం వచ్చేసింది, ఇక భయం లేదనుకునే కుర్రవాడి కంటే, ఏ వేగం దాటాక ఆ కారు ఎవరి మాటా వినదో తెరమీద పదేపదే చూసి, రోడ్డు మీద ఆ వేగం జోలికి పోకుండా ఉండే కుర్రవాడే సిమ్యులేటర్‌ను సరిగ్గా వాడుకున్నట్లు లెక్క.

ముందు మేలు సంగతి చెబుతాను. 1992లో మెర్సిడెస్ బెంజ్ సంస్థ బెర్లిన్‌లోని తన సిమ్యులేటర్‌లో డ్రైవర్లను కూర్చోబెట్టి, ఆపద ముంచుకొచ్చినప్పుడు వారు బ్రేకు ఎలా వేస్తున్నారో పరిశీలిస్తే, నూటికి తొంభై మందికి పైగా చాలినంత బలంగా తొక్కడం లేదని తేలింది. కాలు బ్రేకు మీదికి చప్పున వెళుతుంది గానీ, తొక్కడంలో ఏదో మొహమాటం మిగిలిపోతుంది. ఆ లోటును యంత్రమే పూడ్చేలా రూపొందించిన బ్రేక్ అసిస్ట్ 1996లో ఆ సంస్థ కార్లలోకి వచ్చింది. పెడల్‌ను ఒక్కసారిగా చివరంటా తొక్కడం కాలికి పుట్టుకతో వచ్చే విద్య కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. పోనీ రోడ్డు మీద నేర్చుకుందామా అంటే, వెనకాల ఆర్టీసీ బస్సును పెట్టుకుని భీమవరం రోడ్డులో సాధన కోసం సడన్ బ్రేకు వేసేవారు ఎవరుంటారు? అందువల్ల ఈ ఒక్క విషయంలో సిమ్యులేటర్ నిజంగా అక్కరకొస్తుంది.

అయితే సాధనకు కొలత ఉండాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. అనుకోకుండా ఏదో అడ్డం వచ్చి, అది కంటబడి, కాలు బ్రేకు మీద పడేసరికి సెకనున్నర పడుతుందనుకుంటే, కారు వేగం రవ్వంతైనా తగ్గకముందే 25 మీటర్లు గడిచిపోతాయి. ఆ తరువాత పొడి తారు మీద, మంచి టైర్లతో, ఆగడానికి ఇంకో 20 మీటర్లు పడుతుంది కనుక మొత్తం 45. ఇప్పుడు అదే కారు 80తో వస్తోందనుకోండి. ఆ సెకనున్నరలోనే 33 మీటర్లు అయిపోతాయి, బ్రేకుకు మిగిలేది 12 మీటర్లే. కాబట్టి 60తో వచ్చిన కారు పూర్తిగా ఆగిన చోటికి ఇది ఇంకా గంటకు 65 కిలోమీటర్ల వేగంతో చేరుతుంది. అక్కడ గేదె నిలబడి ఉంటే మొదటి కారు దాని ముందు ఆగుతుంది. రెండోది, మొదటి కారు అసలు బ్రేకే వేయనట్టుగా, ఆ గేదెను గుద్దుతుంది.

ఈ లెక్క కాగితం మీద చూస్తే నమ్మబుద్ధి కాదు గనుక దీన్నే సాధనగా మార్చమనండి. ఆటలో రోడ్డు మీద ఒక డ్రమ్ము నిలిపి, దానికి 45 మీటర్ల ఇవతల ఒక గుర్తు పెట్టి, పక్కన తమ్ముడినో చెల్లెలినో కూర్చోబెట్టుకోవాలి. కారు ఆ గుర్తు దాటేటప్పుడు వారు ఒక్కోసారి ‘ఆపు’ అని అరుస్తారు, ఒక్కోసారి ఊరుకుంటారు. ఊరుకుంటే పక్క లైనులోంచి వెళ్లిపోవాలి, అరిస్తే ఆపాలి. 60, 70, 80 వేగాలతో పదేసి సార్లు చేసి, డ్రమ్మును ఎంత వేగంతో తాకాడో ఒక నోటుబుక్కులో రాసుకోమనండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. వస్తుందని తెలిసిన కేకకు కాలు సెకను లోపలే స్పందిస్తుంది, నిజం గేదె కేక వేసి రాదు. కనుక ఆటలో వచ్చిన దూరానికి మరో పది పదిహేను మీటర్లు కలుపుకుంటే గానీ రోడ్డు లెక్కకు సరిపోదు.

ఇక ధైర్యం సంగతి. స్వీడన్‌లో నిల్స్ పెట్టర్ గ్రెగర్సెన్ అనే పరిశోధకుడు 1996లో ప్రచురించిన అధ్యయనంలో కొత్త డ్రైవర్లను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఆపదలో బ్రేకు వేసి తప్పించుకునే నేర్పును, రెండో జట్టుకు ఆ నేర్పు ఎంత సులువుగా విఫలమవుతుందో తెలిసేలా శిక్షణ ఇచ్చారు. తరువాత పరీక్షిస్తే రెండు జట్ల అసలు సామర్థ్యంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు గానీ, నేర్పు నేర్చిన జట్టు మాత్రం తమ సామర్థ్యాన్ని రెండో జట్టు కంటే ఎక్కువగా అంచనా వేసుకుంది. మీ అబ్బాయి ఏ జట్టులో ఉన్నాడో ఆ నోటుబుక్కు చెబుతుంది. అందులో తప్పించుకున్న లెక్కలు మాత్రమే ఉంటే ఇంకా సాధన మొదలు కానట్టే.

ప్రశ్న: నా దగ్గర 900 డిగ్రీలు తిరిగే స్టీరింగు ఉంది. విదేశీయులు చేసే అభ్యాసాల వీడియోలు చాలా చూశాను గానీ అవన్నీ మంచు రోడ్లు, పెద్ద హైవేల మీద ఉన్నాయి. మన కోనసీమ రోడ్లకు పనికొచ్చేవి ఏవి? సెట్టింగులు ఎలా పెట్టుకోవాలి?
– బీటెక్ విద్యార్థి, అమలాపురం

జవాబు: సెట్టింగుల సంగతి త్వరగా ముగిద్దాం. స్టీరింగు కుడి వైపున్న కారునే ఎంచుకోండి, ట్రాఫిక్ ఎడమ వైపు నడిచేలా పెట్టుకోండి. ఎడమ చేతి స్టీరింగుతో నెలల తరబడి సాధన చేస్తే కారు వెడల్పు మీద అంచనా తారుమారవుతుంది. రేసు టైర్లు తీసేసి మామూలు రోడ్డు టైర్లు వేయండి. మీ ఇంటి కారులో ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ఉంటే ఆటలోనూ ఉంచండి, లేకపోతే తీసేయండి. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి అయింది గానీ, అంతకు ముందువి మన ఊళ్లలో ఇంకా బోలెడు తిరుగుతున్నాయి. చాలామంది పట్టించుకోనిది తెరలో కనిపించే కోణం. 24 అంగుళాల తెర వెడల్పు సుమారు 53 సెంటీమీటర్లు; దానికి 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే అడ్డంగా కనిపించాల్సిన కోణం 48 డిగ్రీలే. కొన్ని ఆటలు నిలువు కోణం అడుగుతాయి, అప్పుడది 28. ఆటలో ముందే పెట్టి ఉండే కోణం సాధారణంగా ఇంతకంటే చాలా ఎక్కువ కాబట్టి ఎదుటి వస్తువులు ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తాయి. దూరాన్ని తప్పుగా చూపే తెర ముందు బ్రేకు సాధన చేయడం శుద్ధ దండగ. బీమ్‌ఎన్‌జీ డ్రైవ్ వంటి సిమ్యులేటర్ ఆటల్లో డ్రమ్ములు, కోన్లు మనకు కావలసిన చోట నిలుపుకోవచ్చు, టైర్లలో గాలి కూడా మార్చుకోవచ్చు కనుక రేసు ఆటల కంటే అవి ఈ పనికి బాగా ఒప్పుతాయి.

అభ్యాసాల్లో మన డెల్టాకు అన్నిటికంటే ముఖ్యమైనది, వీడియోల్లో అరుదుగా కనిపించేది, మార్జిన్ దిగిన కారును తిరిగి రోడ్డెక్కించడం. మన గట్టు రోడ్లు ఎలా ఉంటాయో మీకు తెలియనిది కాదు. ఒంటి లైను తారు, దాని అంచు పక్కన జానెడు లోతున మెత్తటి మట్టి, ఆ పక్కన కాలువ. ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే సైడ్ ఇవ్వడానికి ఎడమ చక్రాలు రెండూ దిగిపోతాయి. అప్పుడు కంగారుపడి స్టీరింగును కుడికి లాగుతాం. దిగిన చక్రం తారు అంచును ఒరుసుకుంటూ కాసేపు ఎక్కనని మొరాయిస్తుంది, మనం ఇంకా లాగుతాం, అది ఒక్కసారిగా ఎక్కేస్తుంది. ఎక్కిన ఆ క్షణంలో ముందు చక్రాలు కుడికి బాగా తిరిగి ఉంటాయి కాబట్టి కారు రివ్వున రోడ్డుకు అడ్డం పడి, ఎదురు వాహనం మీదికో, కుడి వైపు పొలంలోకో పోతుంది. దాన్ని ఆపబోయి ఎడమకు కోస్తే కాలువ ఉండనే ఉంది. చేయవలసింది ఇందుకు పూర్తిగా భిన్నం. చక్రాలు దిగాయని తెలియగానే స్టీరింగును తిన్నగా గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, బ్రేకు మీద మెల్లగా కాలు ఆనించి, దిగిన చక్రాలతోనే కొంత దూరం పోనిచ్చి, వేగం బాగా పడిపోయాక, వెనక ముందు చూసుకుని, కొద్దిగా తిప్పి ఎక్కాలి. దీన్ని సిమ్యులేటర్‌లో తారు అంచు ఎత్తుగా ఉన్న రోడ్డు వెతుక్కుని 40తో మొదలుపెట్టి 70 దాకా చేయండి. కావాలనే ఒకటి రెండు సార్లు తప్పుగా లాగి చూడండి. కారు అడ్డం తిరగడానికి పట్టే సమయం ఎంత తక్కువో అప్పుడు అర్థమవుతుంది.

రెండోది జారుడు. సార్వా కోతల్లో చేలోంచి వచ్చే ట్రాక్టర్లు తారు మీద బురద పరుస్తాయి, చేపల లారీలు ఆకివీడు నుంచి ఏలూరు దాకా నీళ్లు కార్చుకుంటూ పోతాయి. తొలి చినుకులకు రోడ్డు మీది దుమ్మూ నూనే కలిసి మరీ జిడ్డుగా తయారవుతాయి. అటువంటి చోట టైరు పట్టు మూడో వంతుకు పడిపోయిందనుకుంటే, 60 వేగంలో ఆగే దూరం 45 మీటర్ల నుంచి దాదాపు 85కు పెరుగుతుంది. 40కి తగ్గితే 43 మీటర్లు. అంటే బురద తారు మీద 40, పొడి తారు మీద 60తో సమానం. ఆటలో రోడ్డు తడిపి ఈ రెంటినీ పక్కపక్కన చేసి చూసుకోండి. రాత్రి డిమ్ లైటు వెలుగు దాదాపు నలభై యాభై మీటర్లకు మించి ఆనదు కాబట్టి, దాళ్వా ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చిన రోడ్డు మీద రాత్రిపూట ఎంత వేగం తగునో ఈ అంకెల్లోనే ఉంది. నీరు నిలిచిన హైవే మీద ఇంకో చిక్కు ఉంటుంది. టైరు నీటిని చీల్చలేక దానిమీద తేలుతుంది. 30 పీఎస్‌ఐ గాలి ఉన్న అరిగిన టైరు సుమారు 90 వేగం దగ్గర తేలితే, గాలి 20కి తగ్గినప్పుడు 75 దగ్గరే తేలుతుంది. సిద్ధాంతం, రావులపాలెం ఊళ్ల మీదుగా వానలో వెళ్లేవారు హైవే ఎక్కేముందు గాలి చూసుకోవాలనడం అందుకే.

అడ్డం తప్పించి తిరిగి లైనులోకి రావడమనే అభ్యాసం స్వీడన్‌లో పుట్టింది. అక్కడి అడవుల్లోంచి రోడ్డెక్కే పెద్ద దుప్పుల కోసం పెట్టుకున్న పరీక్ష అది. 1997లో మెర్సిడెస్ ఏ క్లాస్ కారు ఆ పరీక్షలో బోల్తాపడటంతో, కారు పక్కకు జారకుండా చూసే ఈఎస్‌పీని ఆ సంస్థ దానికి తప్పనిసరిగా అమర్చవలసి వచ్చింది. సరదాగా చేసి చూడండి గానీ, మన రోడ్లకు ఇది పెద్దగా నప్పదని నా అభిప్రాయం. తప్పించి వెళ్లడానికి రెండో లైను ఉన్న రోడ్లు మనకు ఎన్ని ఉన్నాయి? ఉన్నచోట కూడా ఆ లైనులో ఎదురుగా మోటారు సైకిలు ఉండనే ఉంటుంది. గట్టు మీద తప్పించడం కంటే లైను వదలకుండా ఆపడమే మేలు. దీనికి తోడుగా ఏబీఎస్ తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి మలుపులో పూర్తి బ్రేకు వేసి చూడండి. మొదటిసారి చక్రాలు బిగుసుకుని మీరు స్టీరింగు ఎంత తిప్పినా కారు తిన్నగానే పోతుంది, రెండోసారి తిప్పిన వైపు తిరుగుతుంది. ఏబీఎస్ పనిచేసేటప్పుడు కాలి కింద పెడల్ గడగడమని కొట్టుకుంటుంటే భయపడి కాలు తీసేసేవారు చాలామంది ఉన్నారు. తీయకూడదని కాలికి తెలియాలి. ఆ కొట్టుకోవడం మామూలు బొమ్మ పెడళ్లలో ఉండదు కాబట్టి, ఈ ఒక్కటీ మాత్రం ఖాళీ మైదానంలో, అనుభవమున్న శిక్షకుణ్ణి పక్కన పెట్టుకుని, నిజం కారులో 30 వేగంతో ఒకసారి చేయాలి.

ప్రశ్న: మా మేనల్లుడికి పదిహేనేళ్లు. సిమ్యులేటర్‌లో పెద్దవాళ్లకంటే బాగా నడుపుతున్నాడు. ఊళ్లో చిన్న రోడ్డు మీద మా కారు ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: ఇవ్వకూడదమ్మా. కారు నడపాలంటే పద్దెనిమిదేళ్లు నిండాలి. మైనరు వాహనం నడుపుతూ నేరానికి పాల్పడితే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సంరక్షకుణ్ణి, వాహన యజమానిని బాధ్యులుగా చేస్తుంది. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాది పాటు వాహన రిజిస్ట్రేషన్ రద్దు ఉంటాయి. ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు కూడా ఇవ్వరు.

ప్రశ్న: సిమ్యులేటర్ ముందు కూర్చున్న పావుగంటకే నాకు కడుపులో తిప్పుతోంది. నిజం కారులో ఎప్పుడూ అలా లేదు. ఇది జబ్బా?
– గృహిణి, నరసాపురం

జవాబు: జబ్బు కాదమ్మా. కళ్లేమో కదులుతున్నామంటాయి, లోచెవి కదలడం లేదంటుంది, ఆ పొత్తు కుదరక వికారం పుడుతుంది. మొదట్లో అయిదు నిమిషాలకు మించి కూర్చోకండి, ఫ్యాను గాలి ముఖానికి తగిలేలా పెట్టుకోండి, ముందుగా మలుపులు లేని రోడ్డు మీద బ్రేకు సాధన మాత్రమే చేయండి. పైన చెప్పిన కోణం సరిచేసుకుంటే చాలామందికి తగ్గుతుంది. తిప్పడం మొదలయ్యాక ఓర్చుకుని కొనసాగించవద్దు, పూర్తిగా తేరుకునే వరకు స్కూటీ కూడా తీయవద్దు.

ప్రశ్న: మాది డ్రైవింగ్ స్కూలండి. ఒక సిమ్యులేటర్ కొని, మొదటి వారం పాఠాలన్నీ దానిమీదే చెప్పించి డీజిలు ఖర్చు తగ్గించుకోవాలని ఉంది. సలహా ఇవ్వండి.
– స్కూలు నిర్వాహకుడు, తణుకు

జవాబు: క్లచ్, గేర్ల వరుస, అద్దాలు చూసుకునే అలవాటు – ఇంతవరకు సిమ్యులేటర్ మీద చెప్పండి, విద్యార్థి భయం తగ్గుతుంది. కానీ రోడ్డు గంటల్లోంచి వాటిని కోయకండి. 2021 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల నిబంధనల్లో సిమ్యులేటర్‌తో పాటు టెస్టు ట్రాకు కూడా ఉండి తీరాలన్నారు. తేలికపాటి వాహనాల కోర్సును నాలుగు వారాలకు మించకుండా 29 గంటలుగా నిర్ణయించి, అందులో ఎక్కువ భాగం వాహనం నడపడానికే కేటాయించారు. ఆ కేంద్రాల్లో ఉత్తీర్ణులైన వారికి ఆర్టీవో ఆఫీసులో డ్రైవింగ్ పరీక్ష మినహాయింపు ఉంది. మామూలు స్కూలు సిమ్యులేటర్ కొన్నంత మాత్రాన ఆ మినహాయింపు రాదు. ఈ సంగతి బోర్డు మీద రాసే ముందు గమనించండి. మీ విద్యార్థులు చివరికి పరీక్షకు నిలబడేది బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందే.

ప్రశ్న: మా ఊరికి దారి పూర్తిగా కాలువ గట్టు మీదే. కారు కాలువలో పడితే బయటపడటం కూడా సిమ్యులేటర్‌లో నేర్చుకోవచ్చా అని మా పిల్లలు అడుగుతున్నారు. నాకు ఆ మాట వింటేనే గుండె దడ.
– ఒక తల్లి, ఆచంట

జవాబు: ఇంటి కంప్యూటరు మీద అది కుదరదమ్మా; ఆటలో కారు నీళ్లలో పడితే ఇంజను ఆగుతుంది, అంతటితో సరి. కానీ దీనికి సాధన లేకపోలేదు. అది ఇంటి వాకిట్లో ఆగి ఉన్న కారులోనే చేయవచ్చు.

కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ఆచార్యుడు మనుషులు కూర్చున్న కార్లను నిజంగానే నీటిలోకి దింపి పరిశీలించారు. కారు పడగానే మునగదు, దాదాపు ఒక నిమిషం తేలుతుంది. బయటపడాల్సింది ఆ నిమిషంలోనే. బెల్టు విప్పుకోవడం, అద్దం దించడం, పిల్లల బెల్టులు విప్పి వారిని ముందు బయటికి పంపడం, తామూ బయటికి రావడం – ఇదే వరుస. తలుపు తీయకూడదు. తీస్తే నీరు ఒక్క ఉదుటున లోపలికి వచ్చి ఆ నిమిషం కూడా మిగలదు. ఫోను చేయాలని చూడటం కూడా తప్పే, ఒడ్డెక్కాక చేసుకోవచ్చు. పవర్ విండోలు నీటిలో పడిన వెంటనే సాధారణంగా పనిచేస్తాయి గానీ, నీటి మట్టం అద్దం దాకా వచ్చాక ఆ ఒత్తిడికి దిగవు. ఇంజను బరువుకు ముందు భాగం ముందుగా మునుగుతుంది కాబట్టి, ముందు అద్దాలు మునిగిపోతే వెనక కిటికీల వైపు వెళ్లాలి.

ఆదివారం పూట అందరూ మామూలుగా కూర్చునే సీట్లలోనే కూర్చుని, బెల్టులు పెట్టుకుని, కళ్లు మూసుకోండి. మీరు ‘నీళ్లు’ అనగానే ఎవరి బెల్టు బొత్తాం వారు, ఎవరి అద్దం మీట వారు తడుముకుని పట్టుకోవాలి. చంటిపిల్ల ఉంటే ఆ బెల్టు విప్పేది ఎవరో ముందే చెప్పి ఉంచాలి. మొదటిసారి గందరగోళంగా ఉంటుంది, పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి, రెండు మూడు సార్లకు చేతులు అలవాటు పడతాయి. వేసవిలో కాలువలు కట్టేశారని ఈ సాధన మానకండి, లాకుల దగ్గర, మలుపుల్లో అడుగున నీరూ బురదా మిగిలే ఉంటాయి.

అద్దం దిగకపోతే పగలగొట్టడానికి చిన్న సుత్తి ఒకటి కొనండి. ముందు గాజు రెండు పొరలు అతికించినది కాబట్టి పగిలినా ఊడిరాదు, పక్క అద్దాల మీదే కొట్టాలి. అయితే ఈ మధ్య కొన్ని కార్లకు పక్కన కూడా అతుకు గాజే వస్తోంది. మీ కారు అద్దం మూలన చిన్న అక్షరాల్లో టెంపర్డ్ అని ఉందో, లామినేటెడ్ (అంటే అతుకు గాజు) అని ఉందో ఈరోజే చదువుకోండి. టెంపర్డ్ అని ఉన్న అద్దానికి, మధ్యలో కాకుండా మూలకు దగ్గరగా కొడితే సులువుగా పగులుతుంది. ఆ సుత్తిని డాష్‌బోర్డు అరలో పడేయకండి, కారు పల్టీ కొడితే అది ఎక్కడికి పోతుందో తెలియదు. డ్రైవరు సీటు పక్కన, బెల్టు బిగించి ఉన్నా చేతికి అందే చోట, గట్టిగా బిగించి ఉంచండి.